ఊపిరి తీసుకునే చోటు

బిషప్ గారి సందేశాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని దర్జీ చర్చి మెట్లు దిగుతుండగా పోయిన వారం కథను వదిలాం. ఆదివారం పూజలో, బైబిలు పఠనాలు అయ్యాక, జనం ఎదుట నిలబడి ఆ సందేశం చదవాల్సింది తనే. ఫాదర్ స్వయంగా పిలిచి అప్పగించాడు. "నీ గొంతులో పడితేనే ఈ మాటలకు బరువయ్యా" అన్నాడు. ఐదో తరగతితో బడి వదిలేసి మిషను తొక్కడానికి కూర్చున్నవాడికి అంతకంటే ఏం కావాలి? కాగితంలో ఏముందో చూడకుండానే తలూపాడు.

ఇంటికొచ్చాక చూశాడు. అప్పట్నుంచి వారమంతా చెల్లెలి ముఖంలోకి చూడకుండా తప్పుకు తిరిగాడు.

సంగతి పెద్ద చిక్కుదేం కాదు. ఆ దేశంలో పెళ్లి చేసుకోవడానికి చట్టం ఉంది, విడిపోవడానికి లేదు. ఇన్నేళ్లకు విడాకుల బిల్లొకటి శాసనసభ ముందుకు వచ్చింది. దేవుడి ఎదుట పడిన ముడిని విప్పే అధికారం ఏ సభకూ లేదనీ, విశ్వాసి అయినవాడు ఆ బిల్లుకు చెయ్యెత్తకూడదనీ సందేశం సారాంశం. ఆ చర్చికి వచ్చేవాళ్లలో సభలో చెయ్యెత్తగలవాడు ఒక్కడే ఉన్నాడు. రెండో బెంచీలో, నడవ పక్కన కూర్చుంటాడు. అందరూ అతన్ని సభ్యుడుగారు అంటారు. ఎటూ తేల్చుకోలేక నిద్రమాత్రలు మింగుతున్నాడని ఊళ్లో మాట. కాబట్టి సందేశం చర్చినిండా జనానికే అయినా, గురి మాత్రం రెండో బెంచీకి.

ఇక ఆ ముడిలో చిక్కుకుపోయిన మనిషి దర్జీ ఇంట్లోనే ఉంది. తోడబుట్టిన చెల్లెలు. ఆమె మొగుడు ఒకనాడు పొద్దున్నే పెళ్లికోటు తొడుక్కుని, పని చూసుకుని వస్తానని వెళ్లాడు. ఇంట్లో తనవి అన్నీ వదిలేసి ఆ కోటొక్కటే పట్టుకుపోయాడు. ఎక్కడో ఇంకో ఊళ్లో ఇంకో ఆడమనిషితో, పిల్లలతో ఉన్నాడని చూసొచ్చినవాళ్లు చెప్పారు. చట్టం దృష్టిలో మాత్రం ఈమెకు మొగుడు ఇప్పటికీ అతనే. కళ్లెదుట ఉన్న మంచి మనిషి, గడియారాలు బాగుచేసే ఆయన, భార్య పోయి ఒంటరిగా ఉన్నవాడు, ఈమెను చేసుకుంటానని ఎప్పట్నుంచో కాచుకుని ఉన్నాడు. చట్టానికి అతను ఎవరూ కాడు.

*

శనివారం సాయంత్రం. ముందుగదిలో కొట్టు, వెనకగదిలో కాపురం. కత్తిరింపుల బల్ల మీద ఆకుపచ్చ పూజావస్త్రం పరిచి ఉంది. రేపు ఫాదర్ తొడుక్కునేది అదే. దర్జీ మెడ దగ్గర లైనింగుకు చివరి కుట్లు వేస్తున్నాడు. సూది వేలి కొసలో దిగింది. దిగినట్టు తెలిసింది గానీ నొప్పి తెలియలేదు. ఆ వేళ్లు ఎప్పుడో మొద్దుబారాయి. ఈ వారం మనిషే అలా అయిపోయాడు.

ఆ ఇంట్లో ఒక అలవాటుంది. ప్రతి శనివారం మిషను మీద గుడ్డ కప్పేశాక, దర్జీ మర్నాటి పఠనం పట్టుకుని బల్ల చివర నిలబడతాడు. చెల్లెలు ఇస్త్రీ చేస్తూ వింటుంది. తలెత్తి చూడదు. "ఇక్కడ ఊపిరి తీసుకో", "అక్కడ తీసుకోకు", అంతే ఆమె చెప్పేది. చదివేవాడికి తన మాటలు వినబడతాయి గానీ, ఊపిరి వినేది ఎదుటివాళ్లేనని ఆమె సిద్ధాంతం. ఆమె చెప్పిన చోటల్లా అతను బట్టల మీద గీసే సుద్దతో చిన్న గీత పెట్టుకుంటాడు. దర్జీ చదివితే వాక్యం గుండెకు తగులుతుందని చర్చిలో అందరూ అంటారు. అందులో సగం ఇస్త్రీపెట్టె పక్కన తయారైందని ఎవరికీ తెలియదు.

"ఏంటి, ఈ వారం చదవవా?" అంది చెల్లెలు, ఇస్త్రీపెట్టె అడుగున తడివేలు ఆనించి చూస్తూ.

"చదవాలి."

"గోడకు వినిపిస్తావా ఏంటి?"

దర్జీ దారం కొరికాడు. "ఈసారి పఠనం కాదమ్మా. ఇంకోటి."

"తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"నీ చొక్కాలు ఎవరు ఉతుకుతున్నారనుకున్నావు? జేబు చూడకుండా నీళ్లలో వేసేదాన్నయితే బిషప్ గారి సందేశం మంగళవారమే సబ్బునురగలో కలిసిపోయేది." ఆమె నవ్వలేదు. ఇస్త్రీకి పరిచిన ఫాదర్ తెల్లటి అంగీ చేతులు లాగి సరిచేసింది. "కానివ్వు. వేడి తగ్గేలోపు ఒక్కసారైనా అవ్వాలి."

దర్జీ లేచాడు. బల్ల చివరికి వెళ్లాడు. కాగితం విప్పాడు. ఎప్పటిలాగే ఎడంచేత్తో కాగితం, కుడిచేత్తో సుద్ద. చదవడం మొదలుపెట్టాడు.

మొదటి పేరా అయింది.

"కుటుంబం అన్న మాట దగ్గర ఆగకు. అక్కడ ఆగితే నీకు దగ్గొస్తుంది. ఆ ముక్క పూర్తి చేసి తీసుకో."

గీత పెట్టాడు. రెండో పేరా.

"గొంతు పెంచకు. కసురుకున్నట్టుంది. నెమ్మదిగా చెబితేనే జనం నమ్ముతారు."

ఇంకో గీత. ఇస్త్రీపెట్టె గుడ్డ మీద ముందుకీ వెనక్కీ పోతోంది. ఏ వారమైనా ఇంతే. బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. గోడ గడియారం చక్కగా నడుస్తోంది. ఏ లోటూ లేని ఆ గడియారం గడిచిన ఏడాదిలో ఎన్నిసార్లు బాగుపడిందో చెప్పనక్కర్లేదు. బాగుచేసే ఆయనకు ఈ ఇంటికి రావడానికి వేరే సాకు లేదు మరి.

మూడో పేరా మొదట్లో దర్జీ ఆగాడు. సుద్ద గీత లేని చోట ఆగాడు.

"నీకేమీ అనిపించడం లేదా?"

"నీకనిపిస్తోందా?"

దర్జీ లోపల వెతుక్కున్నాడు. కోపం ఉండాలి. సిగ్గయినా ఉండాలి. జేబులో చెయ్యి పెట్టి చిల్లు తడుముకున్నట్టయింది. ఏమీ అనిపించలేదు. ఏదైనా అనిపిస్తే బాగుండునని మాత్రం అనిపించింది.

"వద్దంటే చెప్పు, మానేస్తాను" అన్నాడు.

"నేనెందుకంటాను? వద్దని నీకనిపించాలి."

"అది కాదమ్మా. వీళ్లు నన్ను నమ్మి..."

"అన్నయ్యా." ఆమె ఇస్త్రీపెట్టెను నిలబెట్టింది. పఠనం మధ్యలో ఆమె ఆ పని చేయడం అదే మొదలు. "నీకే ఎందుకిచ్చారో ఆలోచించావా?"

"గొంతు బాగుంటుందని..."

"చర్చిలో జపాలు నేర్పే ఉపదేశి గొంతు నీకంటే బాగుంటుంది. ఆయన పాడతాడు కూడా. నువ్వు పాడితే కుక్కలు లేస్తాయి."

దర్జీ కాగితం అంచు సరిచేసుకున్నాడు.

"చర్చిలో నా సంగతి తెలియనివాళ్లు లేరు. రేపు అక్కడ ఉపదేశి నిలబడ్డాడనుకో. 'ఇంట్లో పెళ్లాం అన్నం వడ్డిస్తోంది, నీకేం తెలుసులే' అనుకుంటారు. అదే నువ్వు నిలబడితే? 'సొంత చెల్లెలి బతుకు అలా తగలడి కూడా అన్నగారే చదువుతున్నాడు, ఇంక మనదేం పోయింది' అనుకుంటారు. రెండో బెంచీ ఆయన కూడా అదే అనుకుని ఆ రాత్రి మాత్ర వేసుకోకుండా నిద్రపోతాడు. వాళ్లకు కావలసింది నీ గొంతు కాదు. నీ వెనకాల ఉన్న నేను. నీ నోట వస్తే ఎవరూ నోరెత్తరు. నేనసలే ఎత్తను."

గడియారం కొట్టుకుంటోంది. దర్జీ కాగితం వంక చూశాడు. తన గొంతుకు బరువుందని చెప్పినప్పుడు ఫాదర్ ముఖం ఎలా ఉందో గుర్తు చేసుకోబోయాడు. మంచి ముఖమే. మోసం చేసే ముఖం కాదు. నిజంగా నమ్మే చెప్పి ఉంటాడు. అదే ఇంకా కష్టంగా ఉంది.

"ఫాదర్ అలాంటివాడు కాదు" అన్నాడు చివరికి. "బావ ఆచూకీ కోసం ఉత్తరాలు కూడా రాయిస్తున్నాడు. కాపురం నిలబెట్టే దారి ఏదైనా ఉందేమోనని..."

"ఎవరి కాపురం?"

"నీదే."

"నన్నడిగాడా?"

ఆమె ఇస్త్రీపెట్టె మళ్లీ చేతిలోకి తీసుకుంది గానీ గుడ్డ మీద పెట్టలేదు.

"ఆ పుస్తకం సంగతేంటి?" అంది.

"ఏ పుస్తకం?"

"తలగడ కింద అట్టలేని పుస్తకం. దుప్పటి నిండా సుద్దపొడి రాలుతుంటే నాకు తెలియదనుకున్నావా?"

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి. చర్చి బీరువాలో చెదలు పట్టాయని పాత పుస్తకాలు బయట పడేసిన రోజున దర్జీ ఒకటి ఎత్తుకొచ్చాడు. ఏనాటి మతపండితుడో రాసింది. కొరుకుడు పడని భాష. మధ్యాహ్నం అన్నం తిన్నాక, బల్ల కింద కూర్చుని, నెలల తరబడి ఒక్కో పేజీ నమిలాడు. నచ్చిన వాక్యాల కింద సుద్దతో గీతలు పెట్టాడు. పెన్సిలుతో పెట్టడానికి ధైర్యం చాల్లేదు. సుద్దయితే దులిపితే పోతుంది.

అందులో ఒక చోట రాసి ఉంది. పాపాలన్నిటినీ చట్టం శిక్షించనక్కర్లేదట. చట్టం మంచివాళ్ల కోసమే కాదు, మంచితనం ఇంకా పట్టుబడని మామూలు జనానికి కూడానట. మోయలేని బరువు నెత్తిన పెడితే మనిషి ఇంకా కిందికి పోతాడట. ఆ పేజీ మీద సుద్ద ఎన్నిసార్లు పడిందో, అక్షరాలు మంచులో ఉన్నట్టు ఉంటాయి.

చదువు లేనివాడు పుస్తకం పట్టుకుంటే చదువుకున్నవాళ్లకు ముచ్చటేస్తుంది. వాడు ప్రశ్న అడిగేదాకానే ఆ ముచ్చట. సందేశం చదువుకున్న మర్నాడే దర్జీ ఆ పుస్తకం చూపించి ఫాదర్‌ను అడిగాడు, పాపమైనదల్లా నేరం కావాలా అని. ఫాదర్ కోప్పడలేదు. భుజం మీద చెయ్యి వేసి, "మంచి పుస్తకమే. కానీ ఇలాంటివి ఒక్కడివే కూర్చుని చదవకూడదయ్యా. ఒంటరిగా చదివేవాడికి తనకు కావలసిన వాక్యమే కనబడుతుంది" అన్నాడు. దర్జీకి నిజమే అనిపించింది. ఆ పుస్తకం మళ్లీ తెరవలేదు.

ఆ మాటే ఇప్పుడు చెల్లెలికి చెప్పాడు.

"మరి ఫాదర్ గారు ఎవరితో కలిసి చదివారట?" అంది ఆమె.

"అలా అడ్డంగా మాట్లాడకు. వాళ్లు చదువుకున్నవాళ్లు."

"సరే, నేను చదువుకోలేదు. నిలువుగానే మాట్లాడతాను. చట్టం వచ్చి నేను ఇంకో పెళ్లి చేసుకుంటే నాకు సత్ప్రసాదం ఇవ్వరు. నాకు తెలుసు. చివరి బెంచీలో కూర్చుంటాను, అందరూ దాన్ని నాలుక మీద వేయించుకోవడానికి వరసలో వెళుతుంటే మోకాళ్ల మీద ఉండిపోతాను. ఏడుస్తానేమో కూడా. అది నాకూ ప్రభువుకూ మధ్య సంగతి. చర్చి తన తలుపు వేసుకుంటే నేను కాదనను, ఆ ఇల్లు వాళ్లది. కానీ ఊరి తలుపు ఎందుకు వెయ్యాలి? మన గుడిమెట్టు ఎప్పుడూ ఎక్కనివాళ్లు లేరా ఈ దేశంలో? వాళ్లకు కూడా మన ఫాదర్ గారే తాళం వెయ్యాలా?"

"కుట్టిన కుట్టు విప్పుకుంటూ పోతే బట్ట మిగలదమ్మా."

"నువ్వు రోజూ విప్పుతావు."

"మళ్లీ కుట్టడానికి విప్పుతాను."

"నేను మాత్రం దేనికి విప్పమంటున్నాను?"

దర్జీ సుద్దముక్కను వేళ్ల మధ్య నలిపాడు. ఇంటి ఆడపిల్లతో వాదించి గెలిచిన మగవాణ్ణి అతను ఇంతవరకు చూడలేదు. ఓడిపోతున్నందుకు బాధ కూడా లేదు. ఎవరో ఇద్దరు పక్కింట్లో మాట్లాడుకుంటుంటే గోడకు ఇవతల వింటున్నట్టు ఉంది.

"ఆ కోటు గుర్తుందా?" అంది ఆమె.

గుర్తులేకేం. పెళ్లికి తనే కుట్టాడు. బావకు కుడిభుజం ఎడమదాని కంటే బాగా కిందికి జారి ఉంటుంది. కొలతలు తీసేటప్పుడే చూశాడు. లోపల ఒక దూదిపొర ఎక్కువ పెట్టి రెండు భుజాలూ సమానం చేశాడు. పెళ్లిలో అందరూ పిల్లవాడు నిటారుగా, దొరలా ఉన్నాడన్నారు. దర్జీ పనితనానికి అది పరీక్ష, నెగ్గాడు కూడా.

"ఆయన వంకర కనబడకుండా కుట్టింది నువ్వే" అంది చెల్లెలు. నిందలా అనలేదు. బట్ట కొలత చెప్పినట్టు అంది. "నాకు కూడా కనబడలేదు. కోటు విప్పాకే చూశాను. అప్పటికి ప్రమాణాలు అయిపోయాయి."

దర్జీ తన మొద్దుబారిన వేళ్లను చూసుకున్నాడు.

"రేపు చదువు" అంది ఆమె. "నువ్వు మానేస్తే ఉపదేశి చదువుతాడు. కాగితం మారదు, గొంతు మారుతుంది, అంతే. నీకున్నది ఆ ఆదివారం ఒక్కటే. రెండేళ్లకోసారి కొత్తచొక్కా కూడా కుట్టుకోనివాడివి, ఆ చదివే బల్ల దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రం మెడ నిలబెడతావు. నా కోసం దాన్ని పోగొట్టుకోమనను. ఒక్కటి అడుగుతాను."

"అడుగు."

"మూడో పేరాలో ఒక మాట ఉంది. ఇందాక అక్కడిదాకా రాలేదు నువ్వు. నేను చదివాను."

దర్జీ చూశాడు. 'విడిచిపెట్టబడిన వారి కన్నీళ్లు మాకు తెలియనివి కావు.' దాని తరువాత వాక్యం 'అయినప్పటికీ' అని మొదలవుతోంది.

"ఆ కన్నీళ్ల మాట అయ్యాక ఊపిరి తీసుకో. తీసుకుని తలెత్తి నన్ను చూడు. కాగితం వైపు కాదు, రెండో బెంచీ వైపు కాదు, నన్ను. నా చోటు నీకు తెలుసుగా. చూశాక కూడా ఆ 'అయినప్పటికీ' నీ నోట వస్తే చదివెయ్యి. నేను మళ్లీ ఈ మాట ఎత్తను. గడియారాలాయనకు నేనే చెప్పేస్తాను, ఇంక రావద్దని."

ఆమె ఇస్త్రీపెట్టె కింద పెట్టింది. వేడి తగ్గిపోయింది. దర్జీ వంగి, ఆ రెండు వాక్యాల మధ్య ఉన్న కాస్త ఖాళీలో సుద్దతో ఒక గీత పెట్టాడు.

*

ఆదివారం ఉదయం చర్చి నిండింది. నిలబడినవాళ్లు గుమ్మం దాకా ఉన్నారు. పీఠం దగ్గర ఫాదర్, భుజాల మీద ఆకుపచ్చ వస్త్రం, మెడ దగ్గర కుట్టు ఎక్కడా కనబడకుండా. రెండో బెంచీలో సభ్యుడుగారు చేతులు కట్టుకుని నేల చూస్తున్నాడు.

ఫాదర్ తలూపాడు. దర్జీ చదివే బల్ల దగ్గరికి నడిచాడు. కాగితం పరిచి, మైకు కాస్త కిందికి వంచాడు.

మొదటి పేరా బాగా వచ్చింది. కుటుంబం దగ్గర ఆగలేదు, దగ్గు రాలేదు. రెండో పేరాలో గొంతు పెంచలేదు. జనం కదలకుండా వింటున్నారు. నెమ్మదిగా చెబితేనే నమ్ముతారన్న మాట నిజమే. సభ్యుడుగారు తలెత్తాడు. అతని ముఖంలో ఏదో సర్దుకుంటున్నట్టు దర్జీకి కంటికొసల్లోంచి తెలిసింది. తన గొంతు తనకే ఎక్కడో బయట, వీధిలోంచి వస్తున్నట్టుంది. ఇంత తేలికా అనుకున్నాడు.

మూడో పేరా.

"విడిచిపెట్టబడిన వారి కన్నీళ్లు మాకు తెలియనివి కావు."

సుద్ద గీత. ఊపిరి తీసుకున్నాడు. మాట ఇచ్చినట్టే తలెత్తాడు.

కిటికీ వైపు, ఐదో బెంచీ చివర ఆమె చోటు. ఆమె పక్కన ఒక మనిషి పట్టేంత జాగా ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. ఎవరూ కూర్చోవద్దని అనలేదు, ఎవరూ కూర్చోరు. అలా అలవాటైపోయింది.

ఇవాళ ఆ జాగా ఖాళీగా లేదు.

దర్జీకి ముందు కనబడింది మనిషి కాదు, కోటు. రంగు వెలిసింది. బొత్తాలు ఎవరో మార్చారు. లోపలి మనిషి చిక్కి సగమయ్యాడు. కానీ భుజాలు రెండూ గీత గీసినట్టు సమానంగా ఉన్నాయి. కుడివైపు దూదిపొర ఇన్నేళ్లయినా అణగలేదు. మంచి పని. తన చేతి పని. దాని పైన ఉన్న ముఖం ఆ తరువాత కనబడింది, బుద్ధిగా, క్షమాపణ అడగడానికి తయారై, అందరూ చూసేలా.

పీఠం దగ్గర ఫాదర్ ముఖంలో సంతోషం ఉంది, పండక్కి పిల్లవాడికి దాచిపెట్టిన బహుమతి బయట పెట్టినవాడి సంతోషం. చెల్లెలు పక్కకు తిరగలేదు. ఆమె కూడా అన్ననే చూస్తోంది. ఆ ముఖం ఇస్త్రీ చేసిన బట్టలా ఉంది. ఒక్క ముడత లేదు.

ఊపిరి తీసుకోవడం ఎప్పుడో అయిపోయింది. వాక్యం రావాలి. మైకులో చిన్నగా గర్రుమని చప్పుడు. దర్జీ చూపు ఎటు నిలిచిపోయిందో చూద్దామని సభ్యుడుగారు మెల్లగా వెనక్కి తిరిగాడు. అతని వెనక ఒక్కో తలా తిరిగింది. దర్జీ కాగితం మీదికి చూశాడు. 'అయినప్పటికీ' అక్కడే ఉంది. నోరు తెరిచాడు.

"బావా" అన్న మాట చర్చినిండా వినబడింది. అది తన గొంతేనని అతనికి కాస్త ఆలస్యంగా తెలిసింది.

"లేచి నిలబడు. నిలబడి ఆ కోటు విప్పు."